నీకు చెప్పిన గని లోకానికి చెప్పలె

పోయిన నెల ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికొచ్చారు. ఒకామె జర్నలిజం చదివింది, ఇంకొకామె చరిత్రలో పరిశోధన చేస్తోంది. కలిసి ఒక డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్నారు. దానికోసం రాసుకున్న పన్నెండు పేజీల ప్రతిపాదన నా చేతిలో పెట్టి, ‘‘ఒకసారి చూసిపెట్టండి మేడమ్, తప్పులుంటే చెప్పండి’’ అన్నారు. బాగా రాశారు. కష్టపడి తిరిగారు, చదివారు, ఆలోచించారు. కానీ మూడో పేజీ దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ ఒక స్త్రీ పేరుంది, ఆమె ఊరి పేరుంది, ఇరవై ఏళ్ల క్రితం ఆమెకేం జరిగిందో ఉంది.

‘‘మీరిది రాశారని ఈమెకి తెలుసా?’’ అని అడిగాను.

‘‘ఇంకా షూటింగ్ మొదలుపెట్టలేదు కదా మేడమ్. ఆ రోజు సంతకం తీసుకుంటాం. ఫారం కూడా తయారుచేసుకున్నాం’’ అన్నారు.

వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అలాంటి మూడో పేజీ ఒకటి నేనూ రాశాను కనక. ఆ సంగతి వాళ్లకి ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

2003లో మేం ముగ్గురం స్నేహితులం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మీద సినిమా తీయాలనుకున్నాం. మా తరంలో చాలామందికిలాగే మాకూ ఆ ఆలోచన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివాకే వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ఆ పుస్తకం, 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటాన్ని అందులో ఉన్న ఆడవాళ్ల నోటితోనే చెప్పించింది. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. అప్పటిదాకా చరిత్రలో ‘స్త్రీలు కూడా పాల్గొన్నారు’ అనే ఒక్క వాక్యంగా మిగిలిపోయినవాళ్లు పుస్తకం నిండా మాట్లాడారు. అడవిలో కన్నబిడ్డను ఎవరి చేతుల్లోనో పెట్టి రావలసిన తల్లి మాట్లాడింది. పోరాటం ముగిశాక ఇక ఇంటికి పొమ్మంటే ఏ ఇంటికి పోవాలో తెలియని స్త్రీలు మాట్లాడారు. ఆ గొంతులకి ముఖాలు కూడా జోడించాలని మా ఆశ. వాళ్లంతా డెబ్బై దాటారు, ఆలస్యమైతే మిగలరు అని తొందర. ఈ తొందర ఎంత మంచిదో అంత ప్రమాదకరమైనదని అప్పట్లో తెలియదు.

అప్పటి నల్గొండ జిల్లాలో ఒక ఊళ్లో ఒక అవ్వని కలిశాం. ఏ పుస్తకంలోనూ లేని మనిషి. దళాలకి అన్నం మోసింది, కబుర్లు మోసింది, పోలీసు క్యాంపు చూసింది. నాలుగుసార్లు వెళ్లాను. మూడుసార్లు పొలాల గురించి, వెట్టి గురించి, పాటల గురించి చెప్పింది. నాలుగోసారి నేనొక్కదాన్నే వెళ్లాను. ఇంట్లో ఎవరూ లేరు. వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని ముచ్చట ఒకటి చెప్పింది. టేపురికార్డరు మా ఇద్దరి మధ్య నేలమీదే ఉంది. అది తిరుగుతోందని ఆమెకి తెలుసు. కనీసం తెలుసనే నేను అనుకున్నాను.

హైదరాబాద్ తిరిగొచ్చి ప్రతిపాదనలో మూడో పేజీ రాశాను. ఆమె పేరుతో, ఊరి పేరుతో. చదివినవాళ్ల కళ్లు చెమర్చాలని మంచి తెలుగులో రాశాను, ఇంగ్లీషులోకి కూడా మార్చాను. డబ్బులిచ్చే ఒక సంస్థకి పంపాం. ఒక సమావేశంలో జిరాక్సు కాపీలు పంచాం. ఆ కాపీల్లో ఒకటి ఎవరి చేతుల మీదుగానో ఒక విలేకరికి చేరింది. అతను ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని ఆ ఊరెళ్లాడు. ఇంటిముందు పదిమంది వినేలా ఆమెని ఆ ముచ్చట అడిగాడు. ఆ ఇంట్లో అప్పుడు పెద్ద మనవరాలికి సంబంధం చూస్తున్నారు.

ఇదేమీ తెలియని మేము నెల తర్వాత కెమెరాతో వెళ్లాం. కొడుకు గుమ్మంలోనే నిలబెట్టాడు. ‘‘మా అమ్మను బజార్ల పెట్టిండ్రు గద మేడమ్, ఇంకేం గావాలె మీకు?’’ అన్నాడు. అవ్వ లోపల్నుంచి వచ్చి నన్ను కూర్చోమంది. మంచినీళ్లు ఇచ్చింది. తిట్టలేదు. ‘‘నీకు చెప్పిన గని లోకానికి చెప్పలె బిడ్డా’’ అంది, అంతే.

మేం కెమెరా బయటికి తీయకుండా తిరిగొచ్చాం. ఆ సినిమా తీయలేదు. ఒక్క షాటు తీయకుండా, ఒక్క సంతకం అడగకుండా, ఒక మనిషి బతుకులోకి మేం చేయగలిగినంత చెరుపు చేసి వచ్చాం. అంతా ‘పరిశోధన’ దశలోనే అయిపోయింది. డాక్యుమెంటరీ నైతికత అంటే కెమెరా ముందు ఎలా ప్రవర్తించాలన్నదేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. కెమెరా కంటే ముందు కాగితం ఉందని ఆ అవ్వ వల్ల తెలిసింది.

తర్వాత చాలా ఏళ్లపాటు, మిగతావాళ్లు ఏం చేశారో తెలుసుకోవడానికి సినిమాల చరిత్ర చదువుతూ వచ్చాను. ఫలానా వాళ్లు మంచివాళ్లు, ఫలానా వాళ్లు చెడ్డవాళ్లు అని తేల్చుకోవడానికి కాదు. ఎక్కడ ఏ నిర్ణయం జరిగిందో చూడ్డానికి.

1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ గురించి సినిమా చదువుకున్నవాళ్లందరికీ మొదటి పాఠంలోనే చెబుతారు. కెనడా ఉత్తరాన మంచు ప్రాంతపు ఇన్యూట్ల జీవితం అది. నానూక్‌గా కనిపించే మనిషి అసలు పేరు అల్లకరియల్లక్. భార్యలుగా కనిపించినవాళ్లు ఆయన భార్యలు కారు. అప్పటికే తుపాకులు వాడుతున్న వేటగాళ్లతో సినిమా కోసం బల్లేలు పట్టించారు. లోపల వెలుతురు చాలదని మంచు ఇంటిని సగమే కట్టించారు. అదే ఫ్లాహెర్టీ తను తీసిన ముక్కల్ని అక్కడే వాళ్లకి వేసి చూపించి, వాళ్ల సలహాలు తీసుకున్నాడు కూడా. అంటే గౌరవమూ ఉంది, కల్పనా ఉంది. కానీ ఆ సినిమాలో నటించిన ఒక ఇన్యూట్ స్త్రీకి ఆయనవల్ల కొడుకు పుట్టాడనీ, ఆ కొడుకుని ఆయన ఎన్నడూ తనవాడిగా చెప్పుకోలేదనీ తర్వాతి పరిశోధకులు రాశారు. పాఠ్యపుస్తకాల్లో బల్లెం గురించి ఉన్నంత చర్చ ఈ స్త్రీ గురించి ఉండదు. ‘వాస్తవమా, కల్పనా’ అన్న ప్రశ్నే డాక్యుమెంటరీ నైతికతకి మొదటి ప్రశ్న అయిపోయింది. ‘సినిమావాళ్లు వెళ్లిపోయాక అక్కడ ఎవరికి ఏం మిగిలింది’ అన్నది రెండో ప్రశ్నగా కూడా రాలేదు.

ఇంకొకటి 1935 నాటి ‘హౌసింగ్ ప్రాబ్లమ్స్’. లండన్ మురికివాడల్లోని వాళ్లు నేరుగా కెమెరాతో మాట్లాడిన తొలి సినిమాల్లో ఒకటి. దర్శకులుగా ఇద్దరు మగవాళ్ల పేర్లుంటాయి. ఆ ఇళ్లలోకి వెళ్లి, ఆ స్త్రీలతో స్నేహం చేసి, మాట్లాడించిన మనిషి మాత్రం రూబీ గ్రియర్సన్. కెమెరా మీదే, మైకూ మీదే, మీ బతుకు ఎలా ఉందో వాళ్లకి చెప్పండి అనే అర్థం వచ్చే మాట ఆమె అన్నదని చెబుతారు. పరిశోధన అనే పని, అంటే కలవడం, వినడం, నమ్మకం సంపాదించడం, ఎప్పుడూ ఇలా ఆడవాళ్ల పేరులేని పనిగానే ఉండిపోయింది. అయితే దీంట్లో మరో ముడి ఉంది. ఆ సినిమాకి డబ్బు పెట్టింది గ్యాస్ కంపెనీలు. కొత్త ఇళ్లు కడితే కొత్త గ్యాస్ పొయ్యిలు కావాలి కదా. మైకు మీదే అన్నది నిజమే, కానీ సినిమా ఎందుకు తీస్తున్నారన్నది ఆ స్త్రీల చేతుల్లో లేదు.

మన దగ్గరికి వస్తాను. 1978లో హైదరాబాద్‌లో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్తని కొట్టి చంపారు. నగరం అట్టుడికిపోయింది. విచారణ కమిషన్ వేశారు. పోలీసుల తరఫు వాదనంతా ఆమె నడవడి మీద, ఆమె పెళ్లి చెల్లుతుందా లేదా అన్నదాని మీద సాగింది. కమిషన్ పోలీసులను తప్పుపట్టినా 1981లో కోర్టు వాళ్లని వదిలేసింది. ఈ నగరంలో స్త్రీల ఉద్యమం మాట్లాడిన ప్రతిసారీ ఆ పేరు వస్తుంది. నేనూ ఎన్నో మీటింగుల్లో చెప్పాను. ఆ పేరు ఉద్యమానిది అయిపోయాక ఆ మనిషికి ఏం మిగిలిందో మేం అడగలేదు. 1983లో చట్టం మార్చారు. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు బయటపెట్టడం శిక్షాస్మృతి 228ఎ సెక్షన్ కింద నేరమైంది. 2024 జులైలో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 72వ సెక్షన్. ఆమె తనంతట తాను రాతపూర్వకంగా ఒప్పుకుంటే పేరు చెప్పవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. పేరు దాచాలన్నది కాదు అసలు విషయం. పేరు ఆమెది, అదీ విషయం. అందుకే అందరికీ తెలిసిన ఆ పేరు నేనిక్కడ రాయలేదు.

సరిగ్గా ఆ 1983లోనే ‘ఇది కథ మాత్రమేనా?’ వచ్చింది. 1980లో బెంగుళూరులో మొదలైన ‘యుగాంతర్’ బృందం, దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావు, నవ్రోజ్ కాంట్రాక్టర్, స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తీసిన చిన్న తెలుగు సినిమా. ఇంట్లో స్త్రీ మీద జరిగే హింస దాని వస్తువు. అంతకుముందు ఇదే బృందం పూణేలో ఇళ్లలో పనిచేసే స్త్రీల మీద ‘మోల్కరిణ్’ తీసింది. నిపాణీ పొగాకు కార్మిక స్త్రీల సినిమా కోసం నెలల తరబడి వాళ్లతో గడిపి, వాళ్ల సమ్మెని వాళ్లతోనే మళ్లీ నటింపజేసింది. ఆ రెండింటిలో కార్మికులు తమ ముఖాలతో, తమ గొంతులతో ఉన్నారు. హైదరాబాద్‌కి వచ్చేసరికి మాత్రం పద్ధతి మారింది. ఇక్కడ సభ్యులు తమ అనుభవాలు, తమకు తెలిసిన అనుభవాలు కూర్చుని చర్చించుకుని, అందులోంచి ఒక కథ అల్లారు, తామే నటించారు.

ఎందుకు మార్చారు? నాకు అర్థమైనంతలో చెబుతాను. ఫ్యాక్టరీ గేటు ముందు ముఖం చూపించే స్త్రీ వెనక సంఘం ఉంటుంది. ఆమె చెప్పింది వందలమంది చెప్పిన మాటే. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ ముఖం చూపిస్తే సినిమా అయ్యాక ఆమె వెళ్లేది మళ్లీ ఆ ఇంటికే. భర్త, అత్తమామల క్రూరత్వాన్ని నేరంగా చెప్పే 498ఎ సెక్షన్ చట్టంలోకి వచ్చింది కూడా ఆ సంవత్సరం చివర్లోనే. కథగా చెప్పడం వల్ల నిజం తగ్గలేదు, భారం మాత్రం ఒక్కరి నెత్తిన పడకుండా అందరూ పంచుకున్నారు. పేరులోని ప్రశ్నార్థకం కూడా అదే చెబుతోంది. ఏ రూపంలో తీయాలన్నది అందం గురించిన నిర్ణయమని మేం 2003లో అనుకున్నాం. అది ఎవరికి దెబ్బ తగులుతుంది అనే ప్రశ్నకి జవాబు కూడా అని ఇరవై ఏళ్ల ముందే మన ఊళ్లోనే మన అక్కలు చేసి చూపించారు. మేం ఆ సినిమా చూశాం, చప్పట్లు కొట్టాం, పాఠం మాత్రం నేర్చుకోలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జాగ్రత్త పేరుతో అందరినీ దాచేయడం కూడా అన్యాయమే. ‘మనకు తెలియని మన చరిత్ర’లో స్త్రీలు తమ సొంత పేర్లతో మాట్లాడారు. మల్లు స్వరాజ్యం 2022లో చనిపోయేదాకా ఏ వేదిక మీదా గొంతు తగ్గించలేదు. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరే ‘నా మాటే తుపాకి తూటా’. ఆమె ముఖాన్ని మసక చేసి, ‘ఒక పోరాట స్త్రీ’ అని వేస్తే అది రక్షణ కాదు, మళ్లీ చరిత్రలోంచి తుడిచేయడమే. ఎవరికి ఏది కావాలో మనమే ఊహించుకుని నిర్ణయించడం, చదువుకున్న మధ్యతరగతి స్త్రీలుగా మనకున్న పాత జబ్బు. అడగాలి. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అడగాలి.

ఎలా అడగాలన్నదానికి దారులు లేకపోలేదు. 1967లో కెనడాలోని ఫోగో ద్వీపంలో కోలిన్ లో బృందం జాలరుల మీద సినిమాలు తీసినప్పుడు, తీసినవి ముందు వాళ్లకే చూపించి, వాళ్లు సరేనన్నాకే బయట చూపించారు. మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు తామే కెమెరా పట్టారు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల మీద 2003లో సినిమా తీశారు. పైనుంచి కిందికి చూస్తూ తీసే షాట్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు ‘పటేల్ షాట్’. ఎదుటి మనిషి కంటి ఎత్తులోనే కెమెరా పెట్టి తీస్తే ‘సంఘం షాట్’. నేను చదివిన ఏ సినిమా పాఠంలోనూ ఇంత సూటి మాట లేదు. నా మూడో పేజీ కూడా పటేల్ షాటే అని ఆ మాట విన్నాకే తోచింది.

తర్వాత కొన్నేళ్లకి నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే స్త్రీల మీద ఒక చిన్న సినిమాకి పరిశోధన చేశాను. ఈసారి నెమ్మదిగా వెళ్లాం. మొదటి రెండుసార్లు ఏ యంత్రమూ పట్టుకెళ్లలేదు. అక్కడ కూలి వెయ్యి బీడీల లెక్కన. మాతో మాట్లాడే గంటలో చెయ్యి ఆగితే ఆ కూలి పోతుంది. అందుకని వాళ్లు చుడుతుండగానే మాట్లాడాం. తప్పనిసరిగా చెయ్యి ఆపాల్సిన రోజు పోయిన కూలి ఇచ్చాం, అదీ బడ్జెట్‌లో ముందే రాసుకుని. కథకి మాత్రం డబ్బు ఇవ్వలేదు. డబ్బు ఇస్తే దుఃఖం ఎంత ఎక్కువ చెబితే అంత అన్న లెక్క మొదలవుతుందని భయం. ప్రతిపాదనలో పేర్లు, ఊళ్లు రాయలేదు. ‘నిజమైన మనుషులెవరో తెలియకపోతే ఎలా నమ్మేది’ అని డబ్బులిచ్చేవాళ్లు అడిగారు. నచ్చచెప్పడానికి మూడు నెలలు పట్టింది.

ఒప్పుకోలు కూడా ఒకటిగా అడగలేదు. మాతో మాట్లాడడానికి వేరు, గొంతు రికార్డు చేయడానికి వేరు, ముఖం తీయడానికి వేరు, ఊళ్లో చూపించడానికి వేరు, బయట చూపించడానికి వేరు. ఒకామె అన్నిటికీ సరే అంది గానీ, ఆకులు, తంబాకు ఇచ్చే కమీషన్‌దారు మోసం గురించి చెప్పిన ముక్క మాత్రం తీసెయ్యమంది. ‘‘రేపటికెల్లి ఆకు ఇయ్యడు మేడమ్’’ అంది. సినిమాలో అతి ముఖ్యమైన ముక్క అది. తీసేశాం. ఆ మోసాన్ని కూలి చీటీల ద్వారా, అందరి తరఫున సంఘం నాయకురాలి మాట ద్వారా చెప్పాం. సినిమా కొంచెం చప్పబడిందన్న మాట నిజం. ఆమెకి ఆకు రావడం ఆగలేదన్న మాటా నిజం.

‘ఇలా అందరి అనుమతీ అడుగుతూ పోతే, రేపు కమీషన్‌దారుని కూడా అడగాలా?’ అని ఒక మిత్రుడు వెక్కిరించాడు. అక్కర్లేదు. అధికారం ఉన్నవాడు చేసిన పనికి జవాబు చెప్పాలి. అతని మాట తప్పుగా చూపకూడదు, అతనికి జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి, అంతవరకే. అధికారం లేని మనిషి తన బతుకు గురించి మనకి జవాబు చెప్పాల్సిన పనిలేదు. ఈ రెంటినీ ఒకే ఫారంతో కొలవడం వల్లే మన దగ్గర సంతకాలు మాత్రం మిగులుతున్నాయి.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. 2003లో మేం ఊహించుకున్న ప్రదర్శన అంటే ఒక హాలు, నలభై కుర్చీలు, తర్వాత టీ. ఈనాడు సినిమా అంటే ప్రతి ఫోనూ. ఒకసారి బయటికెళ్లింది వెనక్కి రాదు. యుగాంతర్ 16 ఎంఎం సినిమాల్ని బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ బాగుచేసి డిజిటల్ రూపంలోకి తెచ్చింది. పోయిందనుకున్న చరిత్ర దొరికినందుకు నాకెంత సంతోషమో చెప్పలేను. అదే సమయంలో ఆ నాటి స్త్రీలు సరేనన్నది ఏ తెరకి అనే ప్రశ్న కూడా వదలదు. పాత ఒప్పుకోలు కొత్త తెరకి చెల్లుతుందా? అందుకే ఆ అమ్మాయిలతో, ‘‘మీ ఫారంలో ‘ఎప్పటికీ, ఎక్కడైనా’ అని ఉంది. ఆ రెండు మాటలు కొట్టేయండి’’ అన్నాను. మూడో పేజీ తీసేసి, ముందు ఆమె దగ్గరికెళ్లి దాన్ని చదివి వినిపించి రమ్మన్నాను. వెళ్తామన్నారు.

అవ్వ చనిపోయి చాలా ఏళ్లయింది. రెండేళ్ల క్రితం ఆమె చిన్న మనవరాలు నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ‘‘మా నాయనమ్మ గొంతు మీకాడ ఉన్నదంట గద మేడమ్’’ అంది. ఉంది. మొదటి మూడుసార్లు చెప్పిన పొలాలు, పాటలు, వెట్టి కబుర్లు అన్నీ సీడీలో ఎక్కించి ఇచ్చాను. నాలుగో టేపు సంగతి దాచకుండా చెప్పాను. ‘‘ఇంకొకటుంది. అది నాకు చెప్పాను, లోకానికి చెప్పలేదు అన్నది అవ్వ. అందుకని ఇవ్వలేను’’ అన్నాను.

ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తనని లోకంలో లెక్కేసినందుకు బాధపడిందేమో. తర్వాత నెమ్మదిగా, ‘‘సరే మేడమ్, వద్దు. మరి మీరెందుకు ఉంచుకున్నరు అది?’’ అని అడిగింది.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. టేపు ఇంకా నా బీరువాలోనే ఉంది.